విడిచిన చదువు

మౌలాలి గుట్టకును ఉస్మానియా విశ్వవిద్యాలయమునకును నడుమ దూరము రెండు క్రోసులకు మించదు. ఈ కొద్దిపాటి నేలమీద నున్న విద్యాసంపద భాగ్యనగరమున మరియొక చోట కానరాదు. 1939లో ద్వారములు తెరచిన ఆర్ట్సు కళాశాల భవన మిచటనే కలదు. జాతీయ పోషకాహార సంస్థ, రసాయనశాస్త్ర పరిశోధనాలయము, ఆంగ్ల విదేశీ భాషల విశ్వవిద్యాలయము తార్నాక చుట్టుప్రక్కలనే వెలసినవి. ఆ సౌధములకు అనతిదూరముననే, రైలు పట్టాల ప్రక్కను, కార్ఖానాల గోడల చాటునను, ఒక్క గదిలో ఒక సంసారము చొప్పున బ్రదుకు బస్తీలు కలవు. ఆ బస్తీలలో 13, 14 ఏండ్లకే పుస్తకమును అటకమీద పెట్టి చీపురు చేత బట్టిన బాలికలు కలరు. ఎందరో పెద్దలు ఈ త్రోవలో నిత్యము రాకపోకలు సాగించుచున్నారు. ఆ బాలికను చూచి, నీ చదువేమైనదమ్మా యని నిలిచి యడుగువా రెందరు?

మౌలాలి గుట్ట పాదమున మహలఖా బాయి చందా సమాధి యున్నది. 1824లో పరమపదించిన ఈమె ఉర్దూ గజళ్లను సంపుటముగా కూర్చిన తొలినాటి కవయిత్రులలో అగ్రగణ్య. నేడు విశ్వవిద్యాలయమున్న అడిక్‌మెట్ భూములు ఒకనాడు ఆమె జాగీరులోనివని చెప్పుదురు. విదుషీమణి యగు ఒక స్త్రీ ఏలిన నేలమీద వెలసిన విద్య, ఆమె సమాధి పొంతనే పెరుగు పేదబాలికకు అందని మ్రాని పండగుట మనకు తలవంపు కాదా?

బాలిక చదువు ఒక్కనాటితో ఆగిపోదు, మెల్లమెల్లగా జారిపోవును. తల్లి తెల్లవారకమునుపే నాలుగిండ్ల పాచిపనికి పోవును. చంటివానిని చూచుకొనుటకు పెద్దకూతురు ఇల్లు కదలరాదు. వారమున కిట్లు రెండుదినములు బడి తప్పగా లెక్కలు అంతుచిక్కవు. లెక్కలు రాకున్న తరగతిలో తలయెత్తుటకు సిగ్గు. ప్రాథమిక పాఠశాల వాకిట నుండినను, ఉన్నతపాఠశాలకు పెద్దరోడ్డు దాటి పోవలెను. త్రోవలో ఆకతాయిల మాటలు పడవలెను. ఈడు వచ్చిన పిల్లకు బడిలో మరుగుదొడ్డి సరిగా లేకున్న ఆ మూడుదినములును ఇంటనే గడచును. అద్దె పెరిగి కాపురము మరియొక బస్తీకి మారినప్పుడు పాతబడి నుండి టీసీ తెచ్చుకొను తీరిక తండ్రికి దొరకదు. ఇంతలో మేనరికమో పొరుగూరి సంబంధమో వచ్చును. 2019-21 సంవత్సరముల జాతీయ కుటుంబారోగ్య సర్వే ప్రకారము తెలంగాణమున 20 మొదలు 24 ఏండ్ల ప్రాయపు స్త్రీలలో నూటికి 23 మందికి పైగా 18 ఏండ్లు నిండకమునుపే పెండ్లియైనవారు. దీనికితోడు 2020 మార్చిలో మహమ్మారి వలన మూతబడిన బడులు, నడుమ కొలది వారములు పై తరగతులకు తెరచుట తప్ప, 2021 సెప్టెంబరు వరకు సరిగా తెరచుకొనలేదు. సెల్‌ఫోను లేని యింట ఆ ఏడాదిన్నర పాఠమన్నదే లేదు.

ఇందు తల్లిదండ్రులను నిందించుట సులభము. న్యాయము మాత్రము కాదు. తలుపునకు గడియలేని యింట ఈడువచ్చిన కూతురి నొంటిగా విడిచి పనికి పోవు తల్లికి పెండ్లియే ఆ కూతురికి కాపుదలయని తోచుట వింత కాదు. ఆమెకు వలసినది ధర్మోపన్యాసము కాదు. పిల్ల పగలంతయు భద్రముగా నుండు చోటు. బడియే అట్టి చోటైనచో సగము పెండ్లిండ్లు వానియంతట అవియే వెనుకకు జరుగును.

ఇక చట్టమేమి చెప్పుచున్నదో చూతము. 1950లో అమలునకు వచ్చిన రాజ్యాంగము 45వ అధికరణమున, పదేండ్లలోగా 14 ఏండ్లు నిండువరకు బాలబాలికల కందరకును ఉచిత నిర్బంధ విద్య నొసగ యత్నింపవలెనని ఆదేశించెను. 1960 వచ్చెను, పోయెను. 1993లో ఉన్నికృష్ణన్‌కును ఆంధ్రప్రదేశ్ రాష్ట్రమునకును నడచిన వ్యాజ్యములో, 14 ఏండ్ల వరకు విద్య ప్రతి బిడ్డకును హక్కేయని సుప్రీంకోర్టు తీర్పు చెప్పెను. 2002లో 86వ సవరణము ఆ హక్కును రాజ్యాంగమున లిఖించెను. 2009లో విద్యాహక్కు చట్టము వచ్చి 2010 ఏప్రిల్ 1వ తేదీనుండి అమలు జరుగుచున్నది. బడి మానిన బిడ్డను వయస్సునకు తగిన తరగతిలో చేర్చుకొని, వెనుకబడిన పాఠములకు ప్రత్యేక శిక్షణ మీయవలెనని దాని 4వ సెక్షను. అట్లు చేరిన బిడ్డకు 14 ఏండ్లు దాటినను ఎనిమిదవ తరగతి ముగియువరకు ఉచితవిద్య కలదు. టీసీ ఆలస్యమైనదని చేర్చుకొనకుండరాదని 5వ సెక్షను. వయస్సు ధ్రువపత్రము లేదని త్రిప్పి పంపరాదని 14వ సెక్షను. ఈ మూడు సెక్షనులను బస్తీలోని ప్రతి తండ్రియు ఎరిగియున్నచో బడిగుమ్మమునుండి వెనుదిరుగు బాలికల సంఖ్య ఎంతయో తగ్గును.

అయినను ఈ చట్టమునకొక పెద్ద కొరత కలదు. 2006 నాటి బాల్యవివాహ నిషేధ చట్టము 18 ఏండ్లు నిండువరకు బాలికను బిడ్డయే యనుచున్నది. బాలల న్యాయచట్టమును అట్లే పలుకుచున్నది. విద్యాహక్కు మాత్రము 14 ఏండ్లతో చేయి విడుచుచున్నది. బాలకార్మిక చట్టమునకు 2016లో జరిగిన సవరణము 14 ఏండ్లలోపు వారిని పనిలో పెట్టరాదని శాసించినను, కుటుంబవృత్తిలో బడివేళకు వెలుపలి సాయమును మినహాయించెను. 14 దాటినవారికి ప్రమాదకరములగు పనులను మాత్రమే నిషేధించెను. కావున పదునైదేండ్ల బాలిక పెండ్లికి బిడ్డ, పనికి పెద్దది, బడికి ఎవరును కానిది! ఈ నాలుగేండ్ల సందులోననే ఆమె బ్రదుకు జారిపోవుచున్నది. విద్యాహక్కును 18 ఏండ్ల వరకు పొడిగింపవలెనని మేము కోరుట ఇందుచేతనే. మూడు చట్టములును ఒకే వయస్సును ఒప్పుకొన్నగాని ఈ సందు పూడదు.

విడిచిన చదువు మరల రాదనువారికి మన తెలుగునాటనే సమాధానము కలదు. దుర్గాబాయి దేశ్‌ముఖ్ గారు బాల్యముననే వివాహమై, చిన్నతనముననే బడి విడిచి, ఉప్పు సత్యాగ్రహమున చెరసాల కేగినవారు. చెరసాలనుండి వచ్చిన పిదప కాశీ హిందూ విశ్వవిద్యాలయపు మెట్రిక్యులేషను పరీక్షకు ప్రైవేటుగా చదివి ఉత్తీర్ణులైరి. వాల్తేరున ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో స్త్రీలకు వసతిగృహము లేదని అడ్డుచెప్పగా, తోడి విద్యార్థినులను కూడగట్టుకొని వసతి నేర్పరచుకొని పట్టభద్రురాలైరి, పిమ్మట న్యాయవాదియైరి, రాజ్యాంగసభలో కూర్చుండిరి. తాను నడచిన దారిని ఇతరులకు తెరచుటయే ఆమె గొప్పదనము. చెన్నపురిలో ఆంధ్రమహిళాసభను స్థాపించి, చదువు నడుమ ఆగిన స్త్రీలను కాశీ మెట్రిక్యులేషనునకు తయారుచేయించిరి. 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ మండలికి తొలి అధ్యక్షురాలైన పిమ్మట, 1958లో ఆ అనుభవమునే దేశవ్యాప్త పథకముగా మార్చిరి. పెక్కేండ్ల పాఠమును రెండేండ్లలో నేర్పి పరీక్షకు పంపు సంక్షిప్త విద్యాపథకమదియే. ఆమె ఆంధ్రమహిళాసభ నడుపు మహిళాకళాశాల నేడు ఉస్మానియా ప్రాంగణముననే యున్నది. మౌలాలి బాలికకు ఇంతకన్న సమీపమున దృష్టాంత మేల?

దుర్గాబాయిగారి మార్గము ప్రాయము వచ్చిన స్త్రీలకొరకు. బాలబాలికల విషయమున మనకు దారిచూపినది మామిడిపూడి వెంకటరంగయ్య ఫౌండేషను. ప్రసిద్ధ చరిత్రకారులగు వెంకటరంగయ్యగారి పేర 1981లో వెలసిన ఈ సంస్థ, 1991 మొదలు రంగారెడ్డి జిల్లాలో పనిలోనున్న పిల్లలను బడికి మరల్చుటకు పూనుకొన్నది. ఉస్మానియాలో చదివిన శాంతాసిన్హా గారి నాయకత్వమున జరిగిన ఈ కృషికి 2003లో రామన్ మెగసెసే పురస్కారము లభించినది. వారి సూత్రము సూటియైనది: బడిలో లేని ప్రతి బిడ్డయు పనిలోనున్న బిడ్డయే. ఇంట గిన్నెలు తోముచు తమ్ముని ఎత్తుకొను బాలిక కూలిలెక్కలలో కానరాదు. ఈ సూత్రమువలన ఆమెయు లెక్కకు వచ్చినది. బయటనుండి తెచ్చిన పిల్లను నేరుగా తరగతిలో కూర్చుండబెట్టక, శిబిరమున కొన్నిమాసములు ఉంచి, అక్షరము నుండి ఆమె తరగతివరకు తీసికొనిపోయి, పిదప సర్కారుబడిలో చేర్పించిరి. వారధివంటి ఈ చదువే కీలకము. పేరు హాజరుపట్టీలో వ్రాసినంతమాత్రమున బాలిక బడికి మరలినట్లు కాదు. పాఠము తెలియని పిల్ల మూడవవారమున మరల ఇల్లు చేరును.

సార్వత్రిక విద్యాపీఠ మున్నది కదా, పదవతరగతి ఇంటనుండియే వ్రాయవచ్చును గదా యని కొందరందురు. ఉన్నమాట నిజము, పెక్కుమందికి అది ఆదరువైనదియు నిజము. కాని అది పుస్తకమును పరీక్షను ఇచ్చును. ప్రతిదినము ప్రక్కన కూర్చుండి చెప్పు గురువును ఈయలేదు. ఒక్క గది యింట, దీపము చుట్టును ఐదుగురు మసలుచుండగా, పదునైదేండ్ల బాలిక తనంతట బీజగణితము నేర్చుకొనవలెననుట ఆమెను పరిహసించుటయే. పీఠముతోపాటు బస్తీలో పాఠము చెప్పు చోటును, చెప్పు మనిషియు ఉండవలెను.

మగపిల్లలకే ఉద్యోగములు లేవు, ఆడపిల్లకు చదువెందుకనువారు మరికొందరు. చదువు ఉద్యోగమునకే యనుకొన్నచో ఈ ప్రశ్న కొంత సబబు. కాని మందుసీసా మీది అక్షరము చదువుటకు, అప్పుపత్రము మీద వేలిముద్ర వేయకమునుపు దాని వడ్డీ లెక్కకట్టుటకు, కొట్టిన మగనిమీద ఠాణాలో ఫిర్యాదు వ్రాయుటకు చదువు వలదా? పొరుగున బంగ్లాదేశము 1994 నుండి గ్రామప్రాంతముల మాధ్యమిక పాఠశాలలలో చదువు బాలికలకు, హాజరు తప్పక, పరీక్షలలో నిర్ణీత మార్కులు తెచ్చుకొని, అవివాహితలై యున్నచో, వేతన మొసగుచు వచ్చినది. మనకన్న పేదదేశము ఆ వ్యయమును భారమనుకొనలేదు.

ప్రభుత్వము చేయవలసినవి స్పష్టములు. వెనుకబడిన మండలముల కొరకు 2004లో వచ్చిన కస్తూర్బా బాలికావిద్యాలయముల వంటి వసతిగృహములు నగరపు బస్తీలకును చాలినన్ని వలయును. ప్రతి డివిజనులోను బడిమానిన బాలికలను ఏటేట లెక్కింపవలెను. ఉన్నతపాఠశాలలలో సాయంకాలపు వారధి తరగతులు తెరువవలెను. అంగన్‌వాడి వేళలు తల్లుల పనివేళలకు సరిపడునట్లు చూచినచో పెద్దకూతురి చంకనుండి పసివాడు దిగును, ఆమె చేతికి పుస్తకము వచ్చును. ఈ కడపటిది చిన్నపనివలె తోచును. నిజమున కిదియే పెద్దపని.

అయితే సర్కారు కదలువరకు చేతులు ముడుచుకొని కూర్చుండుట మన సంప్రదాయము కాదు. న్యాయవాదియగు మాడపాటి హనుమంతరావుగారు 1928లో నారాయణగూడలో తెలుగు బాలికల పాఠశాల స్థాపించిననాడు నిజాంరాజ్యమున ఉన్నతవిద్య ప్రధానముగా ఉర్దూలో యుండెను. తెలుగు చదువునకు గుర్తింపు కరవైనపుడు, పూనాలోని కార్వే మహిళావిశ్వవిద్యాలయపు పరీక్షలకు బాలికలను పంపించిరి. అంతకుమునుపే భాగ్యరెడ్డివర్మగారు ఆదిహిందువుల బిడ్డలకు బడులు పెట్టిరి. ఎవరును సర్కారు అనుమతికై నిరీక్షింపలేదు.

మన చేతిలోనున్న పనులు నాలుగు. ఉస్మానియా విద్యార్థులలో జాతీయ సేవాపథకమున చేరినవారు వారమునకు రెండు సాయంకాలములు మౌలాలి, లాలాగూడ బస్తీలలో లెక్కలును ఆంగ్లమును చెప్పవచ్చును. న్యాయవాదులు నెల కొక ఆదివారము కూర్చుండి టీసీ, వయస్సు పత్రము, పేరులోని తప్పు మొదలగు చిక్కులకు దరఖాస్తులు వ్రాసి పెట్టవచ్చును. పఠనమందిరములు పగటివేళ రెండుగంటలు బాలికలకే విడిచిపెట్టవచ్చును. ఆ వేళ పత్రిక చదువు పెద్దలు అరుగుమీద కూర్చున్న లోపము లేదు. నాలుగవది అన్నిటికన్న కష్టమైనది, మన యింటికి సంబంధించినది. 14 ఏండ్లలోపు పిల్లలను ఇంటిపనికి పెట్టుట 2006 అక్టోబరు 10వ తేదీనుండి నేరము. 15, 16 ఏండ్ల బాలిక మన యింట అంట్లు తోముట నేరము కాకపోవచ్చును. కాని ఆ అంట్ల కొరకే ఆమె తరగతి తప్పుచున్నచో ధర్మమున మనము నిర్దోషులము కాము. ఆ పని ఆమె తల్లికే ఇచ్చి, తల్లికి న్యాయమైన జీతమిచ్చినచో కూతురు బడికి పోగలదు. రెండు జీతములు మిగుల్చుకొనుటకై ఒక బాలిక చదువును తినువారు ఏ వేదికమీదను స్త్రీవిద్యను గూర్చి మాటలాడ తగరు.

జూన్ మాసమున బడులు తెరచువేళకు ప్రతి పఠనమందిరమును తన వాడలోని బడిమానిన బాలికల పట్టిక యొకటి సిద్ధపరచుకొనవలెను. ఆ పట్టికను గోడకు తగిలించి పిల్లలను నగుబాటు చేయరాదు. కార్యదర్శి పెట్టెలోనే భద్రముగా నుంచవలెను. ఏ పేరు ఎదుట ఏ బడి, ఏ తరగతి, ఎవరి పూచీ యని వ్రాసికొని, దసరానాటికి ఎందరు నిలిచినారో చూచుకొనవలెను. చేరినవారిని కాదు, నిలిచినవారిని లెక్కింపుడు. లెక్కకు వచ్చినది ఒక్క బాలికయైనను, ఆ యేటి మన సభలన్నిటికన్న అది మేలైన పని.