మేం చదవని సిద్ధాంత గ్రంథాలు

తెలుగు శాఖల్లో పరిశోధన ఎందుకిలా అయిందని ఎవరైనా అడిగితే విశ్వవిద్యాలయాల్లో తెలుగు చెప్పే మా దగ్గర జవాబులు సిద్ధంగా ఉంటాయి. ఏళ్ల తరబడి నియామకాల్లేవు. మార్కుల కోసం పిల్లలు ఇంటర్లోనే సంస్కృతానికి వెళ్లిపోతున్నారు. ఆంధ్రప్రదేశ్‌లో 2021లో డిగ్రీ చదువంతా ఇంగ్లిషు మీడియం చేశారు. పదోన్నతులకు యూజీసీ 2010లో పాయింట్ల లెక్క తెచ్చింది. ఇవన్నీ నిజాలే. వీటి మీద సభలు పెట్టి మాట్లాడాం కూడా. మాట్లాడనిది ఒకటుంది. ఏ సిద్ధాంత గ్రంథం తెరిచినా మొదటి పుటల్లో ఒక ధ్రువపత్రం ఉంటుంది. దాని కింద ఉన్న సంతకం ఏ మంత్రిదో, ఏ యూజీసీ అధికారిదో కాదు. మాది.

ఆ గ్రంథాల పేర్లు చూడండి. ఫలానా వారి నవలలు - సమగ్ర పరిశీలన. ఫలానా వారి కవిత్వం - అనుశీలన. లోపల మొదటి అధ్యాయం రచయిత జీవితం, బిరుదులు, సన్మానాలు. రెండోది ఆ ప్రక్రియ పుట్టుక, వికాసం. అవి అంతకుముందు వచ్చిన గ్రంథాల్లో ఉన్న మాటలే. తర్వాత కథాసంగ్రహాలు, పాత్రచిత్రణ, శైలి. చివర ఉపసంహారం పేరుతో అన్నీ మళ్లీ ఒకసారి. ఈ మూస విద్యార్థి కనిపెట్టింది కాదు. "పాత థీసిస్ ఒకటి చూసుకుని అధ్యాయాలు వేసుకో" అని చెప్పింది మేమే. నిన్ను ఏ ప్రశ్న వేధిస్తోందని అడగలేదు, మాకు తెలిసిన రచయిత పేరు ఇచ్చాం. వైవాకి వచ్చే నిపుణుడికి స్టేషన్‌కి కారు, భోజనం, శాలువా అన్నీ శ్రద్ధగా చూసుకున్నాం. ప్రశ్నల దగ్గరికొచ్చేసరికి మాత్రం నీ విద్యార్థిని నేను ఆపను, నా విద్యార్థిని నువ్వు ఆపకు. ఎవరూ పైకి చెప్పుకోని ఒప్పందం అది. ఎవరూ మాట తప్పలేదు.

ఇది మొదట్నుంచీ ఇలా లేదు. అదే ఎక్కువ బాధిస్తుంది. 1950ల్లో బిరుదురాజు రామరాజు ఉస్మానియాలో జానపద గేయ సాహిత్యం మీద పరిశోధన చేశారు. పల్లె పాట పీహెచ్‌డీకి తగిన వస్తువని నిలబెట్టారు. భద్రిరాజు కృష్ణమూర్తి నడిపిన మాండలిక వృత్తి పదకోశం 1962లో వ్యవసాయ సంపుటంతో మొదలైంది, 1971లో చేనేత సంపుటం వచ్చింది. ఊళ్లకు వెళ్లి, నాగలిలో ఒక్కో భాగాన్ని రైతు ఏమంటాడో, మగ్గం మీద ఒక్కో పనిని నేతగాడు ఏమంటాడో రాసుకొచ్చారు. రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ మైసూరు మహారాజా కళాశాలలో తెలుగు చెప్పేవారు. వేమన మీద ఆయన ఇచ్చిన ఉపన్యాసాలను దాటవేసి ఇవాళ్టికీ ఎవరూ వేమన గురించి గట్టిగా ఆలోచించలేరు. మాకున్న జీతాలు, కంప్యూటర్లు, స్కాన్ చేసిన పుస్తకాలు వాళ్లకు లేవు.

ఇప్పుడు తెలుగు ఎం.ఏ. తరగతిలో కూర్చుంటున్నదెవరు? కూలి చేసుకునే ఇళ్ల పిల్లలు, మగ్గం ఇళ్ల పిల్లలు, గొర్రెలు కాసే ఇళ్ల పిల్లలు, తండాల నుంచి వచ్చిన పిల్లలు. చాలామంది తమ ఇంట్లో మొదటిసారి యూనివర్సిటీ గడప తొక్కినవాళ్లు. ఆ పదకోశం కోసం ఊరూరా తిరిగి వెతుక్కున్న మాటలు వీళ్ల నోట్లోనే ఉన్నాయి. నాట్లప్పుడు పాడే అమ్మమ్మ ఉంది, కులపురాణం చెప్పే తాత ఉన్నాడు. మేం ముందు వాళ్ల యాస దిద్దాం, తర్వాత నోట్సు చెప్పాం. కొత్త గొంతుల విషయంలోనూ అంతే. స్త్రీవాద కవితల సంకలనం నీలిమేఘాలు 1993లో, దళిత కవితల సంకలనం చిక్కనవుతున్న పాట 1995లో వచ్చాయి. రెండూ విశ్వవిద్యాలయాల బయటే పుట్టాయి. ఆ కవిత్వాన్ని సిలబస్‌లోకి తెచ్చి, లక్షణాలు వివరించండి అనే వ్యాసరూప ప్రశ్నగా మార్చాం. జవాబు గైడులో దొరుకుతుంది. ఒక్క కవితా చదవకుండానే ఫస్టు క్లాసు వస్తుంది. ఒక పద్యాన్నో కథనో గంటసేపు వాళ్లతో కలిసి చదివి, ఇక్కడ నాకూ అర్థం కావట్లేదని చెప్పి, వాళ్లేమంటారో విన్న తరగతులు మా శాఖల్లో ఎన్ని జరిగాయి?

తోటి అధ్యాపకులకు మేం చేసిన అన్యాయం ఇంతకన్నా పెద్దది. అసిస్టెంట్ ప్రొఫెసర్‌కు వారానికి 16 గంటల బోధన అని యూజీసీ లెక్క. కాంట్రాక్టు, గెస్టు, పార్ట్‌టైం పేర్లతో వచ్చినవాళ్ల దగ్గర ఆ లెక్క మర్చిపోయాం. మా క్లాసులూ వాళ్లకే అప్పగించి సదస్సులకు వెళ్లాం. గంటకింతని తీసుకునే మనిషి తంజావూరు సరస్వతీ మహల్లో నెలరోజులు తాళపత్రాల ముందు కూర్చుంటే ఆ నెల ఇల్లెలా గడుస్తుంది? అలాంటివాళ్లకు వేతనంతో చదువుకునే సెలవు ఇవ్వాలని శాఖాధ్యక్షులుగా ఉన్నప్పుడు ఒక్క తీర్మానం చెయ్యలేదు. పైగా ఇంటర్వ్యూలో ఎన్ని పత్రాలు వేశావని అడిగాం. ఆ పత్రం తెరిచి, ఇందులో నువ్వు కొత్తగా కనుక్కున్నదేమిటని అడగలేదు. డబ్బు కడితే చాలు, చదవకుండా అచ్చువేసే పత్రికలు అందుకే బతికాయి. వాటి సంపాదకవర్గాల్లో మావాళ్ల పేర్లూ ఉన్నాయి. కాశీనాథుని నాగేశ్వరరావు 1924లో పెట్టిన సాహిత్య పత్రిక భారతి 1991లో ఆగిపోయింది. ఇన్ని శాఖలుండి, ఇంతమందిమి జీతాలు తీసుకుంటూ, దాని లోటు తీర్చే పత్రిక ఒకటి కలిసి నడపలేకపోయాం. వ్యాసాన్ని పూర్తిగా చదివి, వద్దనుకుంటే ఎందుకు వద్దో రాసి తిప్పి పంపే పత్రిక.

2025 ఫిబ్రవరిలో యూజీసీ తాను గుర్తించిన పరిశోధన పత్రికల జాబితాను, అంటే కేర్ జాబితాను, ఎత్తేసింది. ఏ పత్రిక మంచిదో విశ్వవిద్యాలయాలే తేల్చుకోమంది. అంటే మమ్మల్నే. ఆ కబురు వచ్చాక మా మధ్య మొదట వినిపించిన ప్రశ్న, పాత జాబితాలోని పత్రికల్లో వేసిన పత్రాలకు పాయింట్లు ఉంటాయా పోతాయా అని. మంచి వ్యాసమంటే ఏమిటో తేల్చుకుందామని మా శాఖలో ఇంతవరకూ ఒక్క సమావేశం పెట్టలేదు.