ప్లాస్మా వచ్చేదాకా ఈ పొగ ఎవరు పీల్చాలి?

"అన్నా, బొగ్గులో గంధకాన్ని ప్లాస్మాతో తీసేస్తారంట. ఇంక మనకు పొగ గోల ఉండదు" అని మణుగూరు పక్క గూడెం నుంచి ఒక తమ్ముడు వీడియో పంపాడు. ఆశపడటం తప్పు కాదు. లెక్క తెలుసుకుని ఆశపడదాం.

బొగ్గులో గంధకం కొంత ఇనుముతో కలిసి ఉంటుంది. బొగ్గును కడిగితే అందులో కొంత పోతుంది. మిగతాది కార్బన్‌నే పట్టుకుని ఉంటుంది, ఎంత కడిగినా పోదు. కరెంటుతో వాయువును మెరుపులాంటి స్థితికి తెచ్చి, అందులో బొగ్గు పొడి పెడితే ఆ పట్టు తెగుతుంది. అదే ప్లాస్మా పద్ధతి. కానీ అది ఇంకా ప్రయోగశాల దాటలేదు.

మన భద్రాద్రి థర్మల్ ప్లాంటు 1080 మెగావాట్లు. పూర్తిగా నడిస్తే రోజుకు సుమారు 15 వేల టన్నుల బొగ్గు కావాలి. గోదావరి లోయ బొగ్గులో గంధకం తక్కువే అంటారు, నిజమే. అర శాతమే అనుకుందాం. టన్నుకు 5 కిలోలు. కాలితే ఆక్సిజన్ కలిసి 10 కిలోల సల్ఫర్ డయాక్సైడ్ అవుతుంది. అంటే రోజుకు 150 టన్నులు! ఇది ఎవరికి తక్కువ?

ప్లాస్మా దాకా పోనక్కర్లేదు. పొగను సున్నపురాయి నీళ్లతో కడిగే ఎఫ్‌జీడీ యంత్రం దశాబ్దాలుగా ఉంది. చైనాలో దాదాపు అన్ని బొగ్గు ప్లాంట్లకూ బిగించారు. మన దగ్గర 2015 డిసెంబరులో కేంద్రం పరిమితులు పెట్టి రెండేళ్లు గడువిచ్చింది. తర్వాత గడువు మీద గడువు. చివరికి 2025 జూలైలో చాలా ప్లాంట్లను వదిలేసింది. ఢిల్లీ ప్రాంతానికో, పది లక్షల జనాభా దాటిన నగరానికో 10 కిలోమీటర్ల లోపు ఉన్నవే 2027 ఆఖరుకల్లా తప్పక పెట్టాలి. కాలుష్యం మితిమీరిన ప్రాంతాల దగ్గరివాటిని విడిగా చూస్తారట. మిగతావాటికి పొగగొట్టం ఎత్తు సరిపోతే చాలు. మన జిల్లాలో పది లక్షల నగరం ఎక్కడుంది? గొట్టం ఎత్తు పెంచితే పొగ తగ్గదు, ఇంకా దూరం పోతుంది, అంతే.

గాలిలో ఆ వాయువు పరిమితి లోపే ఉందని ప్రభుత్వం మాట. కానీ అది గాలిలోనే సన్నటి సల్ఫేట్ ధూళిగా మారి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. వాయువును కొలిచే మీటరులో ఆ ధూళి కనపడదు.

తమ్ముడికి ఇదే చెప్పా: వచ్చే గ్రామసభకు వీడియో కాదు, ఒక తీర్మానం కాగితం రాసుకుని రా. పొగగొట్టాలకు ఆన్‌లైన్ మీటర్లు ఉండాలన్న నిబంధన ఎప్పటినుంచో ఉంది. ఆ రీడింగులు నెలనెలా తెలుగులో పంచాయతీ గోడ మీద అతికించమని అడుగుదాం. సన్నధూళిని కొలిచే మీటరు ఒకటి ప్లాంటు గేటు దగ్గర కాదు, మన బడి దగ్గర పెట్టమందాం.