'ఆఁ' అన్న ఒక్క మాట

రైతు బిడ్డకు, అందులోనూ బి.ఎస్సీ. చదివేవాడికి ఓడల గొడవెందుకని మిత్రులు నవ్వవచ్చు. ఈ ఊరు వచ్చేదాకా పైలట్ అంటే విమానం నడిపేవాడనే నేనూ అనుకున్నాను. సాయంత్రం విశాఖ బీచిలో కూర్చుంటే దూరాన లంగరు వేసుకుని ఎదురుచూస్తున్న ఓడలు కనిపిస్తాయి. ఎంత ఉద్దండుడైన కెప్టెనూ వాటిని తనంతట తాను రేవులోకి తేడు. ఇక్కడి లోతులూ, డాల్ఫిన్స్ నోస్ కొండ పక్కనున్న ఇరుకు దారీ తెలిసిన రేవు పైలట్ ఎక్కి దారి చూపించాలి. అలాగని కెప్టెన్ బాధ్యత తీరిపోదు. ఒకే ఓడకు ఇద్దరు పెద్దమనుషులు. చిక్కంతా ఇక్కడే ఉంది.

2007 నవంబరు 7న అమెరికాలో శాన్‌ఫ్రాన్సిస్కో అఖాతమంతా దట్టమైన పొగమంచు. 'కాస్కో బుసాన్' అనే 901 అడుగుల కంటెయినర్ ఓడ ఓక్లాండ్ రేవునుంచి బయలుదేరింది. ఆ ఉదయం వేరే ఓడల పైలట్లు కొందరు మంచు చూసి ప్రయాణం ఆపుకున్నారు. ఈ పైలట్‌కు పాతికేళ్ళ అనుభవం ఉంది. కెప్టెనూ సిబ్బందీ చైనావారు, ఆ ఓడకు కొత్తవారు. ఏ దారిన పోవాలి, ఎక్కడ జాగ్రత్తపడాలి అన్నది బయలుదేరేముందు ఇద్దరూ సరిగా మాట్లాడుకోనేలేదు. పైలట్‌కు రాడార్ మీద నమ్మకం పోయి ఎలక్ట్రానిక్ పటం చూశాడు. అందులో ఎర్ర త్రికోణాలున్నాయి. ఇది వంతెన మధ్యభాగమేనా అని కెప్టెన్‌ని అడిగాడు. ఔనన్నాడు కెప్టెన్. నిజానికవి వంతెన స్తంభం దగ్గరి బోయాల గుర్తులు! పటం అబద్ధం చెప్పలేదు. తీరాన కూర్చుని ఓడల రాకపోకలు చూసేవారికి అనుమానం వచ్చి రేడియోలో అడిగారు గాని, స్తంభం మీదికి పోతున్నావని తేల్చి చెప్పలేదు. ఎనిమిదిన్నరకు ఓడ బే బ్రిడ్జి స్తంభాన్ని ఒరుసుకుపోయింది. సుమారు 2 లక్షల లీటర్ల చమురు నీళ్ళపాలైంది. పక్షులు వేలల్లో చచ్చిపోయాయి.

వాడుతున్న మందుల ప్రభావంతో పైలట్ బుద్ధి చురుకు తగ్గిందని దర్యాప్తులో తేలింది. 2009లో అతనికి 10 నెలల జైలుశిక్ష పడింది. పడవలసిందే. అయితే అదే దర్యాప్తు, ఇద్దరి మధ్య సరైన మాట లేకపోవడాన్నీ, కెప్టెన్ పైలట్‌ని కనిపెట్టి ఉండకపోవడాన్నీ కూడా కారణాలుగా చెప్పింది. నా బాధంతా ఈ రెండో సంగతి గురించే.

ఎందుకంటే మా ఇంట్లోనూ ఒక 'ఆఁ' ఉంది. నేను ఇంటర్ చదువుతుండగా చెరకు లోడుకు అద్దె ట్రాక్టరు వచ్చింది. డ్రైవరు పేరుమోసినవాడు. వెనక్కి తీస్తూ, "గట్టు గట్టిదేనా?" అని కేకేశాడు. ఆ గట్టు కింద ఎలకబొరియలున్నాయనీ, రాత్రే నీరు పెట్టామనీ నాన్నకు తెలుసు. అయినా "ఆఁ" అన్నాడు. ట్రాలీ ఒరిగింది. పక్కన నిలబడి సైగలు చేస్తున్న చిన్నాన్న కాలు విరిగింది. ఇప్పటికీ కుంటుతాడు. ఊరంతా డ్రైవర్ని తిట్టింది. ఎందుకు చెప్పలేదని నేనడిగితే నాన్న, "అంత తెలిసినోడికి మనం చెప్పేదేట్రా అనుకున్నాను" అన్నాడు. అదీ మన మర్యాద!

ఓడలో చుక్కాని పట్టినవాడు ప్రతి ఆజ్ఞనూ తిరిగి పైకి చెప్పాలన్న పద్ధతి ఉంది. అంతర్జాతీయ సముద్రయాన సంస్థ 2001లో ఓడల మీద మాట్లాడుకోవలసిన ప్రామాణిక వాక్యాలను కూడా ఆమోదించింది. మంచిదే. కాని పెద్దవాడితో "మీరు పొరబడుతున్నారేమో" అనడం వాక్యాలు బట్టీపడితే రాదు. మన లాబొరేటరీనే చూడండి. డిమాన్‌స్ట్రేటర్ గారు "అర్థమైందా?" అనగానే ముప్ఫైమందిమీ "అయింది సార్" అంటాం. బయటికొచ్చాక ఒకరి రికార్డు ఇంకొకరం వెతుక్కుంటాం. నేనూ అంతే. రేపు మనలో కొందరం ఓడలెక్కుతాం, కొందరం ఫ్యాక్టరీలకెళతాం, ఈ 'సార్'ని వెంటబెట్టుకునే! అందుకే తెలియనిది అడిగినవాణ్ణి చూసి తరగతిలో నవ్వడం మనమే ముందు మానుకోవాలని నా అభిప్రాయం.

మొన్న సంక్రాంతికి ఇంటికెళితే మళ్ళీ ట్రాక్టరు వచ్చింది. నాన్న ఎదురెళ్ళి ఆపి, బొరియలెక్కడున్నాయో, నీరెక్కడ పెట్టాడో కర్రతో నేలమీద గీసి చూపించాడు. "నాకు తెలీదేటి?" అని డ్రైవరు విసుక్కున్నాడు. "తెలుసులే బాబూ, మళ్ళీ ఓసారి నువ్వు చెప్పు, వింటాను" అన్నాడు నాన్న. కుంటుకుంటూ వచ్చి చిన్నాన్న కూడా పక్కన నిలబడ్డాడు.