షీల్డుకు డబ్బుంది, బస్సు చార్జీకి లేదు

సంక్రాంతి నెల పట్టిందంటే శ్రీకాకుళం జిల్లాలో ఊరూరా కబడ్డీ కోర్టుకు సున్నం గీతలు పడతాయి. గ్రామదేవత పండుగలకు సరేసరి. మొదటి బహుమతి ఇన్ని వేలు, రెండో బహుమతి ఇన్ని వేలు అని మైకులో చెబుతారు. మనిషి ఎత్తు షీల్డు తెస్తారు. దాతల బొమ్మలతో ఫ్లెక్సీలు కడతారు. కొన్ని ఊళ్లలో సంగిడి రాళ్లెత్తే పోటీలు కూడా పెట్టి గెలిచిన వాడిని భుజాలకెత్తుకుంటారు. ఆటంటే ఈ జిల్లా జనానికి ఉన్న ఇష్టానికి ఇంతకంటే సాక్ష్యం అక్కరలేదు.

అదే కుర్రాళ్లు చదువుకునే కాలేజీ నుంచి కబడ్డీ జట్టు అంతర కళాశాలల పోటీలకు వెళ్లవలసి వచ్చేసరికి మాత్రం సంగతి వేరు. వ్యాయామ అధ్యాపకుడు ఆఫీసు గది ముందు నిలబడి చేతులు నలుపుకోవలసి వస్తున్నది. బడ్జెట్ లేదన్న మాట వినబడుతుంది. ఎవరి చార్జీ వారు పెట్టుకునేటట్టయితే వెళ్లండి అని ఇంకో మాట. చివరకు పన్నెండు మందిలో ఏడెనిమిది మంది బయలుదేరితే గొప్ప. కబడ్డీకి కోర్టులో దిగవలసిన వారే ఏడుగురు. ఒకడి కాలు బెణికితే ఆట అయిపోయినట్టే.

పోతే పోయింది, ఒక ఆటే కదా అనేవారు అసలు సంగతి గమనించటం లేదు. కాలేజీల మధ్య పోటీలలో రాణించిన వారి నుంచే విశ్వవిద్యాలయం జట్టుకు ఎంపిక జరుగుతుంది. ఆ జట్టు ఇతర విశ్వవిద్యాలయాలతో ఆడుతుంది. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాలలో క్రీడాకారులను తీసుకునేందుకు 1980 ఆగస్టులో వెలువడిన ఉత్తర్వులో అర్హతలకు ధృవపత్రాల నమూనాలు ఇచ్చారు. అందులో ఫారం 3 అన్నది అంతర విశ్వవిద్యాలయ పోటీలలో ఆడినవారిది. విశ్వవిద్యాలయ క్రీడా విభాగం అధికారి సంతకం చేసి ఇవ్వాలి. కబడ్డీ, ఖోఖో, వాలీబాల్, వెయిట్ లిఫ్టింగ్ అన్నీ ఆ జాబితాలో ఉన్నాయి. సంక్రాంతి షీల్డు ఎంత ఎత్తున్నా ఫారం 3 కాదు. ఆ షీల్డు చూపించి క్రీడల కోటాలో ఎవరూ ఉద్యోగం ఇవ్వరు. ఇచ్ఛాపురం పక్క పల్లెలోని కూలి కొడుకు వంద కిలోమీటర్లకు పైబడి ఉన్న శ్రీకాకుళం దాకా, అక్కడి నుంచి ఎచ్చెర్లలోని అంబేద్కర్ విశ్వవిద్యాలయం దాకా సెప్టెంబరులోనో అక్టోబరులోనో ఒకసారి వెళ్లలేకపోతే, నాలుగేళ్ల తరువాత దరఖాస్తులో ఆ గడి ఖాళీగానే ఉంటుంది.

డబ్బు ఎందుకు లేదు? ఇది ఒక్క రోజులో వచ్చిన కరువు కాదు. 2008-09లో కేంద్రం ప్రారంభించిన పైకా పథకం పెద్దవారికి జ్ఞాపకమే ఉంటుంది. పంచాయతీకి మైదానం కోసం ఒకసారి లక్ష రూపాయలు, మండల స్థాయికి 5 లక్షలు, ఆపైన పంచాయతీకి ఏటా సామగ్రికి 10 వేలు, నిర్వహణకు 12 వేలు అని లెక్క. ఊళ్లో ఆటలు ఆడించే క్రీడాశ్రీకి గౌరవ వేతనం నెలకు 500. కొంచెమే అయినా ఊరి పేరున వచ్చిన సొమ్ము అది. 2014లో పథకం పేరు మారింది. తరువాత దానిని ఖేలో ఇండియాలో కలిపేశారు. ఖేలో ఇండియా మంచిది కాదని ఎవరూ అనరు. ఎంపికైన క్రీడాకారుడికి ఏటా 5 లక్షల చొప్పున 8 ఏళ్ల వరకు సాయం చేస్తామన్న పథకం అది. అయితే అది అప్పటికే కంటబడిన వారికి. ఇంకా బస్సెక్కని వాడికి కాదు.

పంచవర్ష ప్రణాళికలు 2017 మార్చితో ముగిశాయి. ప్రణాళిక కింద యు.జి.సి. కాలేజీలకు ఇచ్చే అభివృద్ధి గ్రాంట్ల పద్ధతి కూడా వాటితోనే పోయింది. 2021లో రాష్ట్ర ప్రభుత్వం ఎయిడెడ్ కళాశాలల సిబ్బందిని తనలోకి తీసుకోవాలని నిర్ణయించినప్పుడు పెద్ద గొడవే జరిగింది. అధ్యాపకులు వెళ్లిపోయిన చోట ఆటల మాట ఎత్తేవారు మిగలలేదు. ఇక ప్రైవేటు డిగ్రీ కాలేజీలు ఫీజు రీయింబర్స్‌మెంట్ సొమ్ము మీద నడుస్తాయి. అది ఆలస్యమైనప్పుడు జీతాలు, కరెంటు బిల్లు, అద్దె చూసుకుంటారు. వాటి తరువాత ఏమైనా మిగిలితే ఆటలు. మిగలదు. క్రీడలు రాజ్యాంగం ప్రకారం రాష్ట్ర జాబితాలో 33వ అంశం కనుక రాష్ట్రం చూసుకోవాలని ఢిల్లీ, ఢిల్లీ గ్రాంటు ఆగిందని రాష్ట్రం చెప్పుకోవటానికి వీలుగానే ఉన్నది.

రాష్ట్రం ఖర్చు చేయలేదని కూడా అనలేం. 2023 డిసెంబరు 26 నుంచి 2024 ఫిబ్రవరి దాకా ఆడుదాం ఆంధ్రా పేరున సచివాలయాల వారీగా క్రికెట్, బ్యాడ్మింటన్, వాలీబాల్, కబడ్డీ, ఖోఖో పోటీలు ఆడించారు. కిట్లు పంచారు. పోటీలు అయిపోయాయి. కాలేజీ జట్టుకు ఏటేటా కావలసినది అలాంటి పండుగ ఖర్చు కాదు, తిండికీ బస్సుకూ సరిపడే చిన్న మొత్తం. ప్రతి ఏడూ తప్పకుండా రావాలి.

ఎంత మొత్తమో లెక్క వేసి చూడవచ్చు. పన్నెండు మంది ఆటగాళ్లు, ఒక పి.డి., ఒక మేనేజరు, వెరసి 14 మంది. మూడు రోజుల పోటీ. మనిషికి రోజుకు తిండికి 250 రూపాయలు వేసుకుంటే 10,500. రానుపోను చార్జీ తలకు 300 అనుకుంటే 4,200. బనియను, నిక్కరు జతకు 500 చొప్పున 6 వేలు. మొత్తం 20,700 రూపాయలు. ఇప్పుడు ఆదాయం చూద్దాం. 400 మంది చదివే కాలేజీలో తలకు 50 రూపాయలు ఆటల ఫీజు వసూలైందనుకుంటే 20 వేలు. అందులోంచి విశ్వవిద్యాలయానికి కట్టవలసిన వాటా తీయాలి. అంటే ఒక జట్టు ఒకసారి వెళ్లివచ్చేసరికి సంవత్సరం ఫీజు చెల్లు. వాలీబాల్ జట్టు, ఆడపిల్లల ఖోఖో జట్టు, పరుగుపందెం పిల్లలు ఇంటి దగ్గరే ఉండాలి. బంతులూ నెట్టూ ఎక్కడి నుంచి వస్తాయో అడగనక్కరలేదు.

కనుక ఫీజు పెంచితే సరి అని సులువుగా చెప్పేవారున్నారు. ఇది సమంజసం కాదు. ఆటల ఫీజు ఆడేవాడూ ఆడనివాడూ ఇద్దరూ కడతారు. జీడితోటలో పని చేసుకుని కూతుర్ని డిగ్రీకి పంపే తల్లికి ప్రతి ఫీజూ బరువే. ముందు కట్టిన 50 రూపాయలు ఏమైనదో చెప్పకుండా 100 అడిగే హక్కు ఎవరికీ లేదు. చాలా చోట్ల ఈ సొమ్ము కాలేజీ ఇతర అవసరాలకు సర్దుబాటు అవుతున్నదన్న అనుమానం విద్యార్థులలో ఉన్నది. అది నిజం కాకపోతే లెక్క గోడకు అంటించటానికి అభ్యంతరం ఉండకూడదు.

ఎవరి ఖర్చు వారు పెట్టుకోవటం ఇంకా అన్యాయం. అప్పుడు వెళ్లేది మంచి ఆటగాళ్ల జట్టు కాదు, డబ్బున్న పిల్లల జట్టు. మంచి రెయిడరు ఆ మూడు రోజులూ ఇటుక బట్టీలోనో, తాపీ పనిలోనో ఉంటాడు. అతడికి చార్జీతో పాటు మూడు రోజుల కూలి కూడా నష్టమే.

ఆడపిల్లల విషయంలో ఒక సదుపాయం కలిసివచ్చింది. 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి పథకం కింద పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులలో రాష్ట్రమంతటా మహిళలకు ఉచిత ప్రయాణం. పైన వేసిన లెక్కలో వెంట వెళ్లేవారు కూడా మహిళలే అయితే 4,200 రూపాయలు మిగిలినట్టే. అయితే ఆడపిల్లలు ఆగిపోయేది చార్జీ దగ్గరే కాదు. వెంట మహిళా అధ్యాపకురాలు లేకపోతే, రాత్రి బసకు తలుపులున్న గది లేకపోతే తండ్రి పంపడు. పంపకపోవటంలో అతడి తప్పు లేదు. మిగిలిన ఆ సొమ్ము మంచి బసకు పెట్టవచ్చు.

మరొక చిక్కు కూడా వచ్చిపడింది. కబడ్డీ ఇప్పుడు మట్టి మీద ఆట కాదు. 2014లో ప్రో కబడ్డీ మొదలైన తరువాత టీవీలో చిన్నపిల్లలు చూసేది కూడా మ్యాటు మీద కబడ్డీనే. పై స్థాయి పోటీలన్నీ మ్యాటు మీదనే. మగవారి కోర్టు 13 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు. అంత మ్యాటు కొనాలంటే చిన్న కాలేజీకి తలకు మించిన పని. మట్టిలో వట్టికాళ్లతో సాధన చేసిన కుర్రాడు మ్యాటు మీద బూట్లతో దిగేసరికి కాలు నిలవదు, మోకాలు పట్టేస్తుంది. మొదటి రౌండులో ఓడి వచ్చిన జట్టును చూసి, వీళ్ల మీద డబ్బు పెట్టటం దండగ అంటారు. మ్యాటు ప్రతి కాలేజీకీ అక్కరలేదు. నియోజకవర్గానికి ఒకటి ఉండి, వంతులవారీగా నాలుగు కాలేజీల పిల్లలు సాధన చేసినా చాలును.

పాఠాలు చెప్పేవారు లేక, తరగతి గదిలో వాన నీరు కారుతుంటే ఆటలేమిటన్న ప్రశ్న న్యాయమైనదే. అయితే ఆటల ఖర్చు ఆపినందువల్ల ఏ కాలేజీ కప్పు బాగుపడిందో చెప్పేవారు లేరు. సైన్యానికీ పోలీసు ఉద్యోగాలకూ ఈ జిల్లా నుంచి వెళ్లేవారు ఎంతమందో ప్రతి ఊరికీ తెలుసు. కానిస్టేబులు ఎంపికలో 1600 మీటర్ల పరుగు తప్పనిసరి. కాలేజీ మైదానం తుప్పలు పట్టి ఉంటే తెల్లవారుజామున 4 గంటలకు కుర్రాళ్లు జాతీయ రహదారి అంచున లారీల పక్కన పరుగెత్తుతున్నారు. ఇది ప్రాణాలతో చెలగాటం.

ఆటలు చెప్పే మాస్టారి ఉద్యోగం ఈ ప్రాంతంలో ఒకప్పుడు గౌరవమైనది. ఇప్పుడు పార్వతీపురం మన్యం జిల్లాలోకి పోయిన వీరఘట్టంలో పుట్టిన కోడి రామమూర్తి నాయుడు సర్కస్ పెట్టక ముందు విజయనగరంలో వ్యాయామ ఉపాధ్యాయుడే. ఆమదాలవలస దగ్గర ఊసవానిపేట పిల్ల కరణం మల్లీశ్వరి బరువులెత్తటం నేర్చుకున్నది ఢిల్లీలో కాదు, ఇక్కడే, నీలంశెట్టి అప్పన్న అనే స్థానిక శిక్షకుడి వద్ద. 2000లో సిడ్నీలో 69 కిలోల విభాగంలో 110, 130 వెరసి 240 కిలోలు ఎత్తి, ఒలింపిక్ పతకం పొందిన తొలి భారతీయ మహిళ అయ్యాక సన్మానాలకు లోటు లేదు. పతకం రాక ముందు ఆ ఇంటివారు పడిన ఖర్చులో పాలు పంచుకున్నవారు ఎందరన్నది వేరే ప్రశ్న.

ప్రభుత్వం తన బాధ్యత వదులుకోకూడదు. ఖాళీగా ఉన్న పి.డి. పోస్టులు నింపటం, ప్రయాణ భత్యం జట్టు బయలుదేరక ముందే ఇవ్వటం ప్రభుత్వం చేయవలసిన పని. ఆ పని జరిగే లోపల ఊళ్లు చేయగలిగినది కూడా ఉన్నది. పండుగ పోటీలు పెట్టే కమిటీలు బహుమతి సొమ్ములో నూటికి పది రూపాయలు పక్కన పెట్టి తమ పిల్లలు చదివే కాలేజీ జట్టుకు ఇవ్వవచ్చు. 50 వేల బహుమతులు పెట్టే ఊరు 5 వేలు ఇస్తే, నాలుగు ఊళ్లు కలిస్తే 20 వేలు. పైన వేసిన లెక్కలో ఒక జట్టు ప్రయాణం దాదాపు గడిచిపోతుంది. షీల్డు రెండడుగులు తగ్గితే ఎవరికీ నష్టం లేదు.

ఈ సొమ్ము ఎవరో ఒకరి చేతికి ఇవ్వటం మంచిది కాదు. ప్రభుత్వ డిగ్రీ కళాశాలలలో కళాశాల ప్రణాళికాభివృద్ధి మండలి, అంటే సి.పి.డి.సి. అని ఒకటున్నది. దాని ఖాతాకు కట్టి రసీదు తీసుకోవచ్చు. దాత పేరు నోటీసు బోర్డు మీద రాస్తే చాలు, జట్టు చొక్కా మీద పార్టీ రంగు అక్కరలేదు. ఒక వర్గం ఇచ్చిన బూట్లు వేసుకున్నందుకు ఇంకో వర్గం వారి పిల్లలు ఆట మానుకునే పరిస్థితి పల్లెలలో రావటం ఎంతోసేపు పట్టదు. ప్రిన్సిపాళ్లు కూడా ఈ విషయంలో కొంత ఉదారంగా ఉండాలి. చందాలు తీసుకోవటానికి రూల్సు లేవని, ఇవ్వటానికి బడ్జెట్ లేదని చెబితే అమ్మ పెట్టదు, అడుక్కు తిననివ్వదు అన్నట్టే ఉంటుంది.

లెక్క అడిగే పని తల్లిదండ్రులది. గడచిన మూడేళ్లలో ఆటల ఫీజు ఎంత వసూలైంది, ఏ జట్టు ఎక్కడికి వెళ్లింది, ఎంత ఖర్చయింది అని తెల్లకాగితం మీద రాసి 2005 సమాచార హక్కు చట్టం కింద ప్రభుత్వ కళాశాలలో ఇవ్వవచ్చు. రుసుము పది రూపాయలు మించదు, దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవారికి అదీ లేదు. జవాబు 30 రోజులలో రావాలి. జూన్ నెలలో అడిగితే జట్లు బయలుదేరే వేళకు లెక్క చేతికి వస్తుంది.