కుతుబ్‌ఖానాల భారం సర్కారుదే

అడిక్‌మెట్ ఒకప్పుడు మహలఖా బాయి చందాకు నిజాం దర్బారు ఇచ్చిన జాగీరు. ఇవాళ ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉన్న నేలలోనూ కొంత ఆ జాగీరుదే. 1768లో పుట్టి 1824లో కన్నుమూసిన ఆ ఉర్దూ కవయిత్రి 1799లో బ్రిటిష్ అధికారి కెప్టెన్ జాన్ మాల్కమ్‌కు తన దీవాన్ (కవితా సంపుటి) రాతప్రతిని బహూకరించింది. ఆ ప్రతి లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీలో భద్రంగా ఉంది. తల్లి కోసం 1792లో మౌలాలి గుట్ట కింద ఆమె కట్టించిన సమాధి, ఆమెను కూడా ఖననం చేసిన చోటు, దశాబ్దాలపాటు పాడుబడి ఉంది. 2010-11లో దాన్ని బాగుచేయించింది అమెరికా ప్రభుత్వ నిధి. ఆమె అక్షరాన్ని ఒక పరాయి దేశం కాపాడితే, ఆమె గోరీని మరొక పరాయి దేశం నిలబెట్టింది. ఆమె జాగీరు నేలను ఏలుతున్న మన ప్రభుత్వాల వంతు ఏమిటి?

దక్కన్‌లో వికసించిన ఇస్లామీ కళ, లిపి, వాస్తు, విజ్ఞానం తెలంగాణ ప్రజలందరి ఉమ్మడి ఆస్తి. దాని అధ్యయనానికి, రక్షణకు దాతల చెక్కులు, విదేశీ ఒప్పందాలు చాలవు. శాసనసభ చట్టం చేసి శాశ్వత నిధి ఏర్పాటు చేయాలి. ఈ పని ఇంకా వాయిదా వేయడం తప్పు.

అడిక్‌మెట్ వంతెన దాటి, జామియా ఉస్మానియా రైల్వే స్టేషన్ పక్కగా విశ్వవిద్యాలయంలోకి వెళ్తే ఎంత సంపద ఉందో తెలుస్తుంది. 1888లో మొదలైన దాయిరతుల్ మారిఫ్ అనే ప్రచురణ సంస్థ ఆ ప్రాంగణంలోనే ఉంది. ప్రపంచంలో ఎక్కడెక్కడో చెదిరిపోయిన అరబ్బీ రాతప్రతులను సంపాదించడం, ఒకదానితో ఒకటి సరిపోల్చడం, పాఠభేదాలు గుర్తించి శుద్ధప్రతిని అచ్చు వేయడం దాని పని. భారతదేశం గురించి అల్ బిరూనీ రాసిన మహాగ్రంథాన్ని 1958లో ఇక్కడే అచ్చు వేశారు. అతని ఖగోళశాస్త్ర గ్రంథం 'ఖానూనె మసూదీ' 1954-56 మధ్య మూడు సంపుటాలుగా వెలువడింది. నక్షత్రరాశుల మీద అల్ సూఫీ రాసిన పుస్తకం, అల్ రాజీ వైద్య సర్వస్వం 'కితాబుల్ హావీ' కూడా ఈ అచ్చుయంత్రాల మీదుగానే లోకానికి చేరాయి. బేరూత్ ప్రచురణకర్తలు ఈ ప్రతులను యథాతథంగా పునర్ముద్రించుకున్నారు. అరబ్బీ విజ్ఞానశాస్త్ర చరిత్రపై ఏ దేశంలో పరిశోధన చేసినా, పాదసూచికల్లో హైదరాబాద్ పేరు కనిపిస్తుంది. హైదరాబాద్‌లో మాత్రం ఆ సంస్థ పేరు తెలిసినవారు కొద్దిమందే. నిధులు లేవనీ, సిబ్బంది తగ్గిపోతున్నారనీ దాని గురించి ఏళ్ల తరబడి వార్తలు వస్తూనే ఉన్నాయి.

అదే ప్రాంగణంలో ప్రభుత్వ ప్రాచ్య లిఖిత గ్రంథాలయం ఉంది. 1891లో మొదలైన ఆసఫియా కుతుబ్‌ఖానా అనే గ్రంథాలయం కూడబెట్టిన రాతప్రతులు దానికి పునాది. అరబ్బీ, పర్షియన్, ఉర్దూ ప్రతులతోపాటు సంస్కృతం, తెలుగు తాళపత్రాలు కూడా అక్కడే ఉన్నాయి. కాస్త ముందుకు వెళ్తే తార్నాకలో స్టేట్ ఆర్కైవ్స్. అక్కడి దస్తావేజుల్లో అత్యధికం పర్షియన్, ఉర్దూలో ఉన్నవే. షాజహాన్, ఔరంగజేబుల కాలపు మొగల్ పత్రాలే లక్షన్నరకు పైగా ఉన్నాయి. సైన్యం హాజరుపట్టీలు, జాగీరు సనదులు, శిస్తు లెక్కలు వంటి ఈ కాగితాల్లో ఊళ్ల చరిత్ర నిండి ఉంది. వాటిలో చాలావరకు షికస్తా అనే గొలుసుకట్టు రాతలో ఉన్నాయి. లెక్కలు సియాఖ్ అనే ప్రత్యేక సంకేతాల్లో ఉన్నాయి. పర్షియన్ వచ్చినంత మాత్రాన వాటిని చదవలేం, ఏళ్ల తరబడి సాధన కావాలి. అలా చదవగలిగిన పెద్దలు ఒక్కొక్కరే వెళ్లిపోతున్నారు. వారి దగ్గర నేర్చుకోవడానికి వచ్చే కుర్రవాడికి బతకడానికి సరిపడా ఫెలోషిప్పు గానీ, నేర్చుకున్నాక ఉద్యోగం దొరుకుతుందన్న భరోసా గానీ లేవు. కాగితాన్ని చెదలు తినకుండా కాపాడినా, చదివేవాడు లేకపోతే అది మూగదే.

అడిక్‌మెట్‌కు ఇవతల, బాగ్‌లింగంపల్లిలో జరిగిన నష్టం కూడా గుర్తుచేసుకోవాలి. సామాన్య సంపాదనతో ఒక పుస్తకప్రియుడు జీవితమంతా కూడబెట్టిన ఉర్దూ పుస్తకాలు, పత్రికల భండారం సుందరయ్య విజ్ఞాన కేంద్రానికి చేరింది. షికాగో విశ్వవిద్యాలయంతోపాటు మరికొన్ని అమెరికా విశ్వవిద్యాలయాల గ్రంథాలయాలు దాని రక్షణకు చేయి కలిపాయి. 2000 ఆగస్టు వరదల్లో నీళ్లు లోపలికి చేరి ఆ భండారం తడిసిపోయింది. ఒక స్వచ్ఛంద సంస్థ, కొందరు అభిమానులు, కొన్ని విదేశీ గ్రంథాలయాలు మోయగలిగినంత మోశారు. పాతికేళ్లు గడిచాయి. ఈ పరిసరాల్లోని ఏ కుతుబ్‌ఖానాకు రేపు వరద వచ్చినా, నిప్పంటుకున్నా తక్షణం ఆదుకోవడానికి ఒక నిధిగానీ, శిక్షణ పొందిన బృందంగానీ రాష్ట్రానికి ఉండవద్దా?

నిధి ఉంటే ఏం జరుగుతుందో కుతుబ్‌షాహీ సమాధుల దగ్గర చూశాం. 2013లో ఆగాఖాన్ సాంస్కృతిక ట్రస్టు అప్పటి ప్రభుత్వంతో ఒప్పందం చేసుకుంది. టాటా ట్రస్టులు అండగా నిలిచాయి. గోపురాల మీద పూసిన సిమెంటును ఒలిచి గానుగ సున్నం పూశారు. వానలకు కూలిన బడీ బావిని తిరిగి కట్టారు. గోల్కొండ మెట్లబావుల పునరుద్ధరణకు 2022లో యునెస్కో ఆసియా-పసిఫిక్ పురస్కారం దక్కింది. పాతకాలపు సున్నం పని, రాతి పని తెలిసిన మేస్త్రీలకు ఏళ్ల తరబడి ఉపాధి దొరికింది. 2024లో ఆ పని పూర్తయింది. సంతోష్‌నగర్‌లోని పైగా సమాధులకూ అమెరికా రాయబారుల నిధి సాయం చేసింది. ఈ దాతలందరికీ తెలంగాణ రుణపడి ఉంది.

అయినా దాతృత్వానికి ఒక హద్దు ఉంటుంది. దాత కంటికి ముందు కనిపించేది గోపురం. బాగుచేశాక ఫొటో తీయవచ్చు, ప్రారంభోత్సవం జరపవచ్చు. చీకటి గదిలో కూర్చుని పదేళ్లపాటు రాతప్రతుల పట్టిక తయారుచేసే మనిషికి జీతం ఇవ్వడానికి ముందుకొచ్చే దాత అరుదు. పైగా దాతల ప్రాధాన్యాలు మారుతుంటాయి, వారి దేశాల రాజకీయాలూ మారుతుంటాయి. 2022లో మన స్టేట్ ఆర్కైవ్స్ తన పర్షియన్, ఉర్దూ పత్రాల మరమ్మతుకు, డిజిటలీకరణకు ఢిల్లీలోని నూర్ ఇంటర్నేషనల్ మైక్రోఫిల్మ్ సెంటర్‌తో ఒప్పందం చేసుకుంది. ఇరాన్ అండతో నడిచే సంస్థ అది. సాయం తీసుకోవడంలో తప్పు లేదు. కానీ సొంత దస్తావేజులను బాగుచేసుకునే నిపుణులనూ, పనిముట్లనూ ఇంత పెద్ద రాష్ట్రం సమకూర్చుకోలేకపోవడం మాత్రం చిన్నతనం.

చట్టం ఉంటే ఎంత తేడా వస్తుందో మూసీ ఒడ్డున ఉన్న సాలార్‌జంగ్ మ్యూజియమే సాక్ష్యం. 1961లో పార్లమెంటు దాన్ని జాతీయ ప్రాముఖ్యం గల సంస్థగా ప్రకటించింది. అప్పటినుంచి కేంద్రం ఏటా నిధులిస్తోంది. దానికి సొంత భవనం, గ్రంథాలయం, పరిరక్షణ విభాగం ఉన్నాయి. ఉస్మానియా ప్రాంగణంలోని సంస్థలకు ఆ గ్రాంటు, ఈ శాఖ మంజూరు తప్ప అలాంటి రక్షణ లేదు. తుర్కియే 2010లో చట్టం చేసి రాతప్రతుల కోసమే ప్రత్యేక ప్రభుత్వ సంస్థను నెలకొల్పుకుంది. అక్కడ సాధ్యమైనది ఇక్కడ ఎందుకు కాదు?

ఒక మతానికి చెందిన కళ కోసం ప్రజల డబ్బు ఎందుకని కొందరు అడుగుతారు. వారు ఇబ్రహీం కుతుబ్‌షాను గుర్తుచేసుకోవాలి. అద్దంకి గంగాధర కవి 'తపతీ సంవరణోపాఖ్యానం' అంకితమిచ్చింది ఆ సుల్తానుకే. మన కవులు ఆయన్ను మల్కిభరాముడని ఆప్యాయంగా పిలుచుకున్నారు. తొలి అచ్చతెనుగు కావ్యంగా పేరొందిన పొన్నికంటి తెలగన 'యయాతి చరిత్ర' ఆ రాజ్యపు అధికారి అమీన్‌ఖాన్‌కు అంకితం. భద్రాచలం కల్యాణానికి ప్రభుత్వం తలంబ్రాలు, ముత్యాలు పంపే ఆనవాయితీని జనం గోల్కొండ సుల్తాను తానీషా పేరుతోనే చెప్పుకుంటారు. ఈ చరిత్రను మతాల వారీగా చీల్చబోతే తెలుగు సాహిత్య చరిత్రే చిరిగిపోతుంది. విభిన్న సంస్కృతుల సమ్మేళనమైన మన వారసత్వాన్ని కాపాడటం పౌరులందరి బాధ్యత అని రాజ్యాంగంలోని 51ఎ అధికరణం చెబుతోంది. జాతీయ ప్రాముఖ్యం గల కట్టడాలను, కళాఖండాలను రక్షించడం రాజ్యం విధి అంటోంది 49వ అధికరణం.

నిజాం పాలనలో వెట్టిచాకిరీ, జాగీర్దార్ల దోపిడీ, రజాకార్ల దౌర్జన్యం అనుభవించిన కుటుంబాలు ఈ నేల మీద ఉన్నాయి. ఆ కాలపు గుర్తులకు డబ్బెందుకని వారు అడగడం సహజం. ఆ బాధను మరచిపొమ్మని ఈ పత్రిక ఎన్నడూ అనదు. కానీ ఎవరికి ఎంత జాగీరు దక్కింది, ఏ ఊరు ఎంత శిస్తు కట్టింది, రైతు పెట్టుకున్న అర్జీ ఏమైంది అన్న వివరాలున్నదీ ఆ కాగితాల్లోనే. వాటిని పోగొట్టుకుంటే పాలకుల వైభవంతోపాటు పాలితుల సాక్ష్యమూ పోతుంది. అదే నిజాం ప్రభుత్వం 1914లో పురావస్తు శాఖ పెట్టి గులాం యాజ్దానీకి అప్పగించింది. అజంతా చిత్రాలను కాపాడటానికి ఇటలీ నుంచి నిపుణులను రప్పించింది. పుణెలోని భండార్కర్ సంస్థ చేపట్టిన మహాభారత పరిశోధిత ప్రతికి విరాళమిచ్చింది. బౌద్ధ గుహలకూ, మహాభారతానికీ నాడు ఖజానా తెరిచిన నేల మీద, ప్రజలు ఎన్నుకున్న సర్కారు చేతులు ముడుచుకోవడం న్యాయమా?

ఆసుపత్రులు, బడులు ముందు కాదా అన్నది మరో ప్రశ్న. ముందే. అందుకే ఈ నిధి ఎంత చిన్నదో కూడా చూడాలి. 2025-26 రాష్ట్ర బడ్జెట్ 3,04,965 కోట్లు. అందులోంచి ఒక్కసారి 100 కోట్లు తీసి శాశ్వత నిధిగా పెడితే, బడ్జెట్‌లోని ప్రతి 3 వేల రూపాయలకు ఒక్క రూపాయి ఖర్చయినట్టు. అసలు కదపకుండా ఏడు శాతం వడ్డీ వచ్చినా ఏటా 7 కోట్లు చేతికి అందుతాయి. ఆ సొమ్ముతో ఏ ఆసుపత్రీ మూతపడదు, ఒక తరం పరిశోధకులు మాత్రం తయారవుతారు. కేంద్రం కూడా 2025-26 బడ్జెట్‌లో రాతప్రతుల మిషన్ కేటాయింపును 3.5 కోట్ల నుంచి 60 కోట్లకు పెంచింది. సొంత ప్రణాళిక, సొంత వాటా చేతిలో ఉంటే ఆ నిధుల్లో మన భాగం గట్టిగా అడగవచ్చు.

చట్టంలో ఉండాల్సినవి స్పష్టమే. నిధి నిర్వహణను పండితులు, పరిరక్షణ నిపుణులు, ఆర్కైవ్స్, పురావస్తు శాఖ, వక్ఫ్ బోర్డు ప్రతినిధులు ఉన్న మండలికి అప్పగించి, ఏటా లెక్కలు శాసనసభ ముందుంచాలి. అసలును ఏ ప్రభుత్వమూ వేరే ఖర్చుకు మళ్లించకూడదు. దాయిరతుల్ మారిఫ్, ప్రాచ్య లిఖిత గ్రంథాలయం, ఆర్కైవ్స్‌లో పర్షియన్, అరబ్బీ, దక్కనీ చదివేవారి పోస్టులు, కాగితం మరమ్మతు చేసేవారి పోస్టులు శాశ్వత ప్రాతిపదికన నింపాలి. షికస్తా, సియాఖ్ నేర్చుకునే యువతకు, ఏ మతం వారైనా సరే, ఐదేళ్ల ఫెలోషిప్పులివ్వాలి. విదేశీ సంస్థ ఏది డిజిటలీకరణకు వచ్చినా మూలప్రతి మీదా, డిజిటల్ ప్రతి మీదా హక్కు రాష్ట్రానిదేనని ఒప్పందంలో రాయాలి. ముఖ్యమైన దస్తావేజులను తెలుగులోకి అనువదించి ప్రచురించాలి. వక్ఫ్ స్థలంలో ఉన్న కట్టడాల విషయంలో ఒక శాఖ మరో శాఖను చూపించే అలవాటుకు చట్టమే ముగింపు పలకాలి.

ఈ డిమాండు వినిపించాల్సిన గొంతులు ఇక్కడే ఉన్నాయి. చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయంలో, అశోక్‌నగర్ గదుల్లో వేలమంది యువతీ యువకులు గ్రూప్స్ పరీక్షల కోసం కుతుబ్‌షాహీల, అసఫ్‌జాహీల చరిత్రను రాత్రింబవళ్లు చదువుతున్నారు. వారు కంఠస్థం చేస్తున్న చరిత్రకు అసలు ఆధారాలు కూతవేటు దూరంలో పాతబడిపోతున్నాయి. వారిలో కొందరు రేపు అధికారులవుతారు, సంతకం చేసే కుర్చీలో కూర్చుంటారు. ఈ ప్రాంతపు నియోజకవర్గాల ఎమ్మెల్యేలు వచ్చే సమావేశాల్లోనే ఈ ప్రశ్న లేవనెత్తాలి. ప్రభుత్వం బిల్లు ముసాయిదా ప్రజల ముందు పెట్టి గడువు ప్రకటించాలి. పాఠకులు తమ ఎమ్మెల్యేను ఈ విషయం గట్టిగా అడగాలి. మన తాతల కాగితాలను కాపాడే బాధ్యత లండన్‌ది కాదు, వాషింగ్టన్‌ది కాదు, టెహరాన్‌ది కాదు. అది తెలంగాణ శాసనసభది.