తొంభై రావాల్సిన చోట అరవై

గ్రామ్-ష్మిట్ లెక్క మీరూ చేసే ఉంటారు. మూడు వెక్టర్లు ఇచ్చి ఆర్థోనార్మల్ బేసిస్ కట్టమంటారు. అంకెలు కూడా ముద్దుగానే ఉంటాయి, √2, √6 దాటవు. ఫస్టియర్‌లో నాకు దానికి ఫుల్ మార్కులొచ్చాయి. అర్థమై కాదు, ఫార్ములా బట్టీ పట్టి.

అర్థం చెప్పింది టెన్త్ దాకా తెలుగు మీడియంలో చదివిన నా రూమ్మేట్. "మొదటిదాని మీద రెండోదాని నీడ ఎంత పడుతుందో చూడు. ఆ నీడ తీసేస్తే మిగిలేది లంబంగా ఉంటుంది. మూడోదానికి రెండు నీడలు తియ్యాలి. చివర్లో పొడవుతో భాగించు, అంతే రా" అన్నాడు. పన్నెండేళ్ళు ఇంగ్లిష్‌లో చదివిన నాకు ప్రొజెక్షన్ అంటే అప్పటిదాకా ఒక భిన్నమే. సిగ్గేసింది, నిజంగా.

సరే, అర్థమైంది కదా అని పరీక్షలో రాసిన ఫార్ములానే పైథాన్‌లో పెట్టా. మీరూ వేసి చూడండి: నాలుగు గడుల వెక్టర్లు మూడు. అన్నిట్లో మొదటి గడి 1. ఒకదాంట్లో రెండో గడి, ఇంకోదాంట్లో మూడోది, చివరిదాంట్లో నాలుగోది 0.00000001. మిగతావి సున్నాలు. వచ్చిన జవాబులో రెండో, మూడో వెక్టర్ల డాట్ ప్రొడక్ట్ 0 కాదు, 0.5! అంటే మధ్య కోణం 60 డిగ్రీలు. కోడ్‌లో తప్పు కోసం ఒక రాత్రంతా వెతికా. తప్పు లేదు. ఆ చిన్న అంకె వర్గాన్ని 1కి కలిపితే 64 బిట్ల లెక్కలో అది మాయమై 1 గానే మిగులుతుంది. ఆ పోయిన ముక్కే చివర్లో భాగించేటప్పుడు పెద్దదై కూర్చుంటుంది.

మందు ఒక్క లైనే. రెండో నీడని అసలు వెక్టర్ నుంచి కాకుండా, మొదటి నీడ తీశాక మిగిలినదాని నుంచి కొలవాలి. కాగితం మీద రెండూ ఒకటే. మెషిన్‌లో మాత్రం ఆ 0.5 దాదాపు సున్నా అయిపోతుంది. నంపైలో క్యూఆర్ అయితే అసలు ఈ దారే పట్టదు, హౌస్‌హోల్డర్ పద్ధతి వాడుతుంది.

గ్రామ్ 1883లో, ష్మిట్ 1907లో రాసినప్పుడు కంప్యూటర్లు లేవు, వాళ్ళనేం అనలేం. మరి మనది కంప్యూటర్ సైన్స్ బ్రాంచే కదా? సిలబస్ అవ్వదంటారు. కొత్త చాప్టర్ అడగట్లేదు నేను. చేత్తో చేసే అయిదు లెక్కల్లో ఒకటి తీసేసి, దాని బదులు ఈ మూడు వెక్టర్లనీ ల్యాబ్‌లో ఒక గంట ఇవ్వండి. ఆ 0.5 ఎవరి స్క్రీన్ మీద వాళ్ళు చూసుకోవాలి.