బోర్డులో రాగి తీయాలంటే యాసిడ్ తొట్టే దిక్కా?

వరంగల్ కాశిబుగ్గలో మాది టీవీ రిపేరు షాపు. పాడైన బోర్డుల్లోంచి పనికొచ్చే ఐసీలు ఊడదీసుకున్నాక మిగిలినవి తుక్కు కిందే పోతాయి. కిలోల లెక్కన కొనుక్కుపోయినవాళ్లు వాటిని ఏం చేస్తారో చూశాను. మంట మీద పెట్టి సోల్డర్ కరిగిస్తారు. ఆ తర్వాత ప్లాస్టిక్ తొట్టిలో వేసి నైట్రిక్ యాసిడ్ పోస్తారు. గోధుమరంగు పొగ లేస్తుంది, తొట్టి నీలంగా మారుతుంది. ఆ నీలమంతా రాగే. అందులో ఇనుప ముక్కలు వేస్తే రాగి ఎర్రగా పేరుకుంటుంది. మిగిలిన నీళ్లు మోరీలోకి. ముక్కుకు దస్తీ కట్టుకుని పొద్దంతా అక్కడ నిలబడే కుర్రాళ్ల ఊపిరితిత్తులు ఏమైపోవాలి?

దీనికి వేరే దారి ఉంది. కార్బన్ డయాక్సైడ్‌ను 31 డిగ్రీలు దాటించి, 74 బార్ల ఒత్తిడికి మించి బిగిస్తే అది గ్యాసూ కాదు, ద్రవమూ కాదు. గ్యాసులా సన్న సందుల్లోకి దూరుతుంది, ద్రవంలా కరిగించుకుంటుంది. శివరాత్రి దాటిందంటే 31 డిగ్రీలు వరంగల్‌లో నీడపట్టునే ఉంటాయి, ఖర్చంతా ఒత్తిడిదే. ఇక్కడి ఎనుమాముల మార్కెట్ యార్డుకొచ్చే మిర్చిలోంచి రంగు, ఘాటు లాగడానికీ ఈ పద్ధతి పనికొస్తుంది.

అయితే లోహపు అయాన్లు ఇలా బిగించిన కార్బన్ డయాక్సైడ్‌లో వాటంతటవి కరగవు. వాటిని పట్టి తెచ్చే రసాయనం కలపాలి. 1990ల మొదట్లో అమెరికాలోని ఐడహో యూనివర్సిటీలో చియెన్ వాయ్ బృందం రాగిని అలాగే బయటికి తీసింది. కల్పాక్కంలోని ఇందిరాగాంధీ అణు పరిశోధన కేంద్రం శాస్త్రజ్ఞులు యురేనియం, థోరియంల మీద ఇదే పని చేశారు. ఒత్తిడి తగ్గించగానే గ్యాస్ విడిపోతుంది, దాన్ని పట్టి మళ్లీ వాడుకోవచ్చు. ఆ రసాయనంతో కలిసిన లోహం కింద మిగులుతుంది. యాసిడ్ అసలే అక్కర్లేదని నేననను. బోర్డులోని రాగిని ముందు ఆక్సీకరణం చేయాల్సిందే. కానీ ఆ పని మూత బిగించిన పాత్రలో జరుగుతుంది, మోరీ పక్కన కాదు.

కేంద్ర ప్రభుత్వం 2023లో ప్రకటించిన 30 కీలక ఖనిజాల్లో రాగి, తగరం ఉన్నాయి. వాటి రీసైక్లింగుకు 2025 సెప్టెంబరులో 1,500 కోట్ల రూపాయల ప్రోత్సాహక పథకం ఆమోదించింది. బోర్డుల రీసైక్లింగ్ మీద పనిచేసిన పరిశోధన సంస్థ సీ-మెట్ హైదరాబాద్‌లోనే ఉంది, ఎన్ఐటీ మన ఊళ్లోనే ఉంది. ఈ రెండూ కలిసి వరంగల్‌లో ఒక చిన్న ప్రయోగ ప్లాంటు పెట్టాలి. ఇంత ఒత్తిడి తట్టుకునే ఉక్కు పాత్ర ఏ తుక్కు వ్యాపారీ సొంతంగా కొనలేడు, అది ఉమ్మడిగానే ఉండాలి. ఆ కుర్రాళ్లకే శిక్షణ ఇచ్చి అక్కడ పనిలో పెట్టుకోవాలి. బోర్డులు మా షాపులవాళ్లం తెచ్చిస్తాం. కిలోకు తుక్కువాళ్లు ఇచ్చేదానికి రూపాయి తగ్గినా అవి మళ్లీ ఆ తొట్టికే పోతాయి.